గుండ్రనివి, కడ్డీలు, మెలికలు.. లెక్క తేల్చిన కోన్

ఫెర్డినాండ్ కోన్ 1828లో బ్రెస్లావ్‌లో పుట్టారు. అప్పట్లో అది ప్రష్యా. 1945లో పోలండ్‌లో కలిసి వ్రొత్స్వాఫ్ అయింది. ఊరు అక్కడే ఉంది, సరిహద్దే జరిగింది. యూదుడని సొంతూరి యూనివర్సిటీలో పట్టాకు వీల్లేకపోయింది. బెర్లిన్ వెళ్లి 19 ఏళ్లకే డాక్టరేట్ తెచ్చుకున్నారు.

ఒకే బ్యాక్టీరియా ఇవాళ గుండ్రంగా, రేపు కడ్డీలా మారుతుందని ఆ రోజుల్లో పేరున్న పండితులే వాదించేవారు. అదే నిజమైతే ఏ జబ్బుకు ఏ క్రిమి కారణమో తేల్చేదెలా? మైక్రోస్కోపు ముందు ఏళ్ల తరబడి కూర్చున్న కోన్ మాత్రం దేని రూపం దానిదేనన్నారు. 1872లో వాటిని నాలుగు గుంపులు చేశారు: గోళీల్లాంటివి, పొట్టి కడ్డీలు, పొడుగు కడ్డీలు, స్ప్రింగులా మెలి తిరిగినవి. అయితే చూపుకు ఒకేలా ఉన్నా చేసే పని వేరు కావొచ్చని కూడా ఆయనే రాశారు. రూపం ఒక్కటే చాలదని అప్పుడే పసిగట్టారన్నమాట.

1876లో రాబర్ట్ కాక్ అనే చిన్న ఊరి డాక్టరు ఆంత్రాక్స్ క్రిమి గుట్టు పట్టుకుని ఆయన దగ్గరికొచ్చారు. మనవాళ్లు దొమ్మ అంటారే, ఆ రోగమే. అప్పటికి కాక్ పేరు ఎవరికీ తెలీదు. కోన్ దగ్గరుండి ప్రయోగాలు చూసి, తన పత్రికలోనే అచ్చేశారు. 1898లో కన్నుమూశారు.

ఇప్పుడు వర్గీకరణకు జన్యువులే ఆధారం. అయినా ల్యాబు రిపోర్టుల్లో కోకై, బాసిలై అనే మాటలు పోలేదు.