డిగ్రీ లేని మేష్టారు: మన పిల్లలు తెలుసుకోవాల్సిన రామ్‌కింకర్ బైజ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ ఊరి సెంటర్‌కు వెళ్లినా అంబేద్కర్ విగ్రహం కనిపిస్తుంది. దాన్ని చేసిన చేతులు ఎవరివో ఎవరూ అడగరు. షాపుల బోర్డులు, గోడ రాతలు, సభల బ్యానర్లు రాసిన పెయింటర్లలో మన వాడల నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చి వాళ్ల కుంచె పని చాలావరకు పోయింది. వాళ్ల ఇళ్లలో ఒక బిడ్డ బొమ్మల చదువు చదువుతానంటే, ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తానంటే, ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. బొమ్మలు గీసుడు కూడా ఒక చదువేనా? దాంతోని ఉద్యోగం వస్తదా?

ఈ రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకుని మేం రామ్‌కింకర్ బైజ్ జీవితాన్ని చెప్పదలచుకున్నాం. ఆయన బెంగాలీ. అయినా తెలంగాణ చిత్రకళకు ఆయనతో ఉన్న బంధం చిన్నది కాదు.

రామ్‌కింకర్ 1906 మే 25న బెంగాల్‌లోని బాంకురా పట్టణంలో, జుగిపాడా అనే పేటలో పుట్టారు. వాళ్లది క్షౌరవృత్తి చేసుకునే కుటుంబం. చాలామంది ఆయన్ని సంతాల్ ఆదివాసీ అనుకుంటారు, కొందరు దళితుడని రాస్తారు. రెండూ సరికాదు. ఆయనది సేవా వృత్తికి కట్టేసిన ఒక కింది కులం. మనవాళ్ల జాబితా పెంచుకోవడానికి ఆయన పుట్టుకను మార్చి చెప్పాల్సిన అవసరం లేదని మా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆ జీవితంలో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఇంటి పేరు పరామాణిక్ అంటే అక్కడ ఎవరికైనా కులం తెలిసిపోతుంది. ఆయన ఆ పేరు వదిలేసి బైజ్ అని పెట్టుకున్నారు. పేరు చెప్పగానే ఎదుటివాడి చూపు మారడం అనుభవించిన మన విద్యార్థులకు, ఆయన ఆ పని ఎందుకు చేశారో విడమర్చి చెప్పనక్కర్లేదు.

బడి కంటే ముందు ఆయనకు దొరికిన గురువు అనంత సూత్రధర్. ఆ పేటలో మట్టితో దేవుళ్ల విగ్రహాలు చేసే పనివాడు. పిల్లవాడు ఆయన దగ్గరే తిరుగుతూ మట్టి పిసకడం, బొమ్మకు ఆకారం తేవడం నేర్చుకున్నాడు. నాటకాలకు తెరలు రాశాడు. సహాయ నిరాకరణోద్యమం నడిచిన రోజుల్లో జాతీయ నాయకుల బొమ్మలు గీశాడు. ప్రవాసి, మోడ్రన్ రివ్యూ పత్రికల సంపాదకుడు రామానంద చటర్జీ బాంకురా వాడే. ఆయన కంట్లో ఈ బొమ్మలు పడ్డాయి. 1925లో రామ్‌కింకర్‌ను శాంతినికేతన్ పంపించారు.

అక్కడి కళాభవన్‌కు నందలాల్ బోస్ పెద్ద. వచ్చిన కుర్రవాడి చేతిలో చెప్పుకోదగ్గ సర్టిఫికెట్ లేదు, ఉన్నవి తను గీసిన బొమ్మలే. వాటిని చూసే చేర్చుకున్నారు. విద్యార్థిగా చేరినవాడు కొన్నేళ్లకు అక్కడే మేష్టారయ్యారు, తర్వాత శిల్ప విభాగానికి అధిపతి అయ్యారు. 1935లో ఆయన సుజాత అనే సన్నని, పొడవాటి స్త్రీ మూర్తిని ఆరుబయట నిలబెట్టారు. అది చూసిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ని పిలిపించుకుని, ఆశ్రమం అంతా ఇట్లాంటి బొమ్మలతో నింపమని చెప్పారంటారు.

1938లో వచ్చింది సంతాల్ కుటుంబం. పని వెతుక్కుంటూ ఇల్లు వదిలి నడిచిపోతున్న ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, పిల్లలు, వెంట కుక్క. కావడిలో ఉన్నదంతా సర్దుకున్నారు, ఒక బుట్టలో బిడ్డ కూడా ఉన్నాడు. మనుషుల కంటే పెద్ద సైజులో చేసిన ఈ శిల్పాన్ని భారతదేశంలో మొదటి ఆధునిక బహిరంగ శిల్పంగా కళా చరిత్రకారులు లెక్కిస్తారు. అంతకుముందు బహిరంగ స్థలాల్లో నిలబడినవి ఎక్కువగా రాజులు, దొరలు, లాట్ సాహెబులు. వాళ్ల చోట రామ్‌కింకర్ కూలి మనుషులను నిలబెట్టారు.

దేనితో చేశారన్నది కూడా చూడాలి. కంచు కొనే డబ్బు లేదు. ఆ నేలలో దొరికే ఎర్ర కంకరను సిమెంటులో కలిపి, ఇనుప కడ్డీల మీద విసిరి, చెక్కి ఆకారం తెచ్చారు. ఇల్లు కట్టే మేస్త్రీ సామానుతో పెద్ద శిల్పం చేయొచ్చని చూపించారు. రంగులు, రాళ్లు కొనలేక వెనకబడ్డామనుకునే విద్యార్థికి ఇంతకంటే ధైర్యం ఇచ్చే పాఠం మాకు తెలియదు.

1956లో మిల్లు పిలుపు చేశారు. సైరన్ విని ఇద్దరు సంతాల్ స్త్రీలు పరుగెత్తుతుంటారు, తడి చీరె గాలికి ఎగురుతుంటుంది, వెనక ఒక పిల్లవాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర పొద్దున పూట షిఫ్టుకు ఉరికే ఆడవాళ్లను చూసినవాళ్లకు ఈ శిల్పం పరాయిది అనిపించదు.

ఈ పనికి ఆయన చెల్లించిన ధర తక్కువ కాదు. జీవితమంతా డబ్బుకు ఇబ్బందే. పెళ్లి చేసుకోకుండా రాధారాణి అనే స్త్రీతో కలిసి బతికినందుకు పెద్దమనుషుల మాటలు పడ్డారు. ఢిల్లీ రిజర్వ్ బ్యాంక్ భవనం ముందు యక్షుడు, యక్షిణి విగ్రహాలు చెక్కే పని 1950లలో ఒప్పుకుంటే, అది పూర్తయ్యేసరికి 1960లు చివరికి వచ్చాయి. యక్షిణి దిగంబరంగా ఉందని గొడవ కూడా చేశారు. వానకు ఇంటి కప్పు కారితే తన ఆయిల్ పెయింటింగులనే అడ్డం పెట్టుకున్నారని చెప్పుకుంటారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది, ఆ మరుసటి ఏడాది రిటైరయ్యారు. 1975లో రిత్విక్ ఘటక్ ఆయన మీద సినిమా తీయడం మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే చనిపోయారు. రామ్‌కింకర్ 1980 ఆగస్టు 2న కలకత్తాలో కన్నుమూశారు.

ఇక మనతో బంధం. మన దేశంలో యూనివర్సిటీ స్థాయిలో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలకు, పీజీలకు దారి వేసింది బరోడాలోని ఎం.ఎస్. యూనివర్సిటీ. అక్కడ శిల్ప విభాగాన్ని నిలబెట్టిన శంఖో చౌధురి రామ్‌కింకర్ శిష్యుడు. పెయింటింగ్ చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ కూడా కళాభవన్‌లో చదువుకున్నవారే. ఆ సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు మెదక్ జిల్లా లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా తోట వైకుంఠం. తెలంగాణ పల్లె మనిషి ముఖం దేశమంతా గ్యాలరీల్లోకి వెళ్లిన దారిలో, పీజీ ఏదీ లేని ఒక మేష్టారి అడుగు కూడా ఉంది.

అయితే ఒక మాట దాచకూడదు. రామ్‌కింకర్ సంతాల్‌లను ప్రేమగా, గౌరవంగా చేశారు. కానీ శిల్పి పేరు అందరికీ తెలిసింది, ఆ శిల్పాల్లోని మనుషుల పేర్లు మాత్రం వీక్షకుడికి తెలియవు. అణగారినవాళ్లు ఎంతకాలం ఇతరుల బొమ్మల్లో ఉండాలి, తమ బొమ్మ తామే ఎప్పుడు గీసుకోవాలి? బరోడాలోనే పీజీ చేసిన నాగ్‌పూర్ దళిత చిత్రకారుడు సవి సావర్కర్ దీనికి ఒక జవాబు ఇచ్చారు. మెడలో ముంత, నడుముకు చీపురు కట్టిన అంటరాని మనిషిని, ఆ చరిత్రను మోసినవాళ్ల వైపు నుంచి గీశారు. ఉన్నత చదువు మన చేతికి వస్తే జరిగేది ఇదే.

ఆ చదువు ఇవాళ మన పిల్లలకు ఎంత దూరంలో ఉంది? కోదాడ బిడ్డ ఎంఎఫ్‌ఏ చేయాలంటే హైదరాబాద్ బస్సు ఎక్కాలి. మాసబ్ ట్యాంక్ దగ్గర జేఎన్ఏఎఫ్ఏయూ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్ ఉన్నాయి. ముందు బీఎఫ్‌ఏ ఉండాలి, తర్వాత ఎంట్రెన్స్, చేసిన పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియో. ఈ లెక్కన 1925 నాటి రామ్‌కింకర్‌కు ఇవాళ గేటు దగ్గరే ప్రవేశం ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా కాన్వాసు, రంగులు, కంచు, కెమెరా ఎవరు కొనిస్తారు?

అందుకే మేం అడుగుతున్నాం. గురుకులాల్లో డ్రాయింగ్ టీచర్ పోస్టులు పెట్టి నింపాలి. ఫైన్ ఆర్ట్స్ చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజుతో పాటు సామాను ఖర్చు కూడా ఇవ్వాలి. విద్యార్థి సంఘాలు ఇంజినీరింగ్, గ్రూప్స్ కోచింగ్‌తో పాటు బీఎఫ్‌ఏ, ఎంఎఫ్‌ఏ ఎంట్రెన్స్ గురించి కూడా వాడల్లో చెప్పాలి. ఈసారి మీ ఊళ్లో అంబేద్కర్ విగ్రహం పెట్టేటప్పుడు, కింద శిలాఫలకం మీద చందాదారుల పేర్లతో పాటు దాన్ని చేసిన మనిషి పేరు కూడా చెక్కించండి. ఆ పేరు చదివిన పిల్లల్లో ఒకరికైనా, బొమ్మలు గీసుడు కూడా చదువేనని ఇంట్లో చెప్పే ధైర్యం వస్తుంది.