కీర్తిశేషులు కొడవటిగంటి కుటుంబరావుగారు

ఈ సంవత్సరము మన మహాసభ చీరాలలో జరుగుచుండుటచేత, ఈ ప్రాంతపు ప్రసిద్ధపురుషులలో నొకరి జీవితమును సంచికకు వ్రాసి యీయవలసినదని కార్యవర్గమువారు మమ్ము గోరిరి. తెనాలి, బాపట్ల, రేపల్లె, చీరాల ప్రాంతముల నట్టివారికి కొఱత లేదు. మేము కుటుంబరావుగారి పేరు చెప్పితిమి. పెద్దలు కొందఱు సంశయించిరి. వారు నాస్తికులు గదా, కులమును కాదన్నవారు గదా, మన బ్రాహ్మణగృహములలోని గుట్టులను కథలుగా వ్రాసి నలుగురిలో బెట్టినవారు గదా, అట్టివారికి కులసంఘపు సంచికలో స్థానమేల యని వారి యాక్షేపణ. ఆక్షేపణ సహేతుకమే. వారే జీవించియుండినచో నీ ప్రశ్నను మనకంటె ముందుగా వారే వేసియుందురు. ఒక్కొక ప్రశ్నను నలుగురి నడుమ నిలిపి, రచయితలచేతను చదువరులచేతను దానినిగూర్చి వాదింపజేయుటయే వారు జీవితమంతయు జేసిన పని. కావున వారి చరిత్రమును దాచక యున్నదున్నట్లు చెప్పెదము. చోటీయదగునా కాదా యనుట చదువరుల వశము.

కుటుంబరావుగారు 1909వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన తెనాలిలో జన్మించిరి. అయిదేండ్లు నిండునప్పటికే తండ్రి రామయ్యగారు గతించిరి. పదునొకండవయేట తల్లి సుందరమ్మగారును పోయిరి. ఇంక మిగిలిన యాధారము అన్నగారైన వేంకటసుబ్బయ్యగారు. ఆయన స్వయముగ రచయిత. పాశ్చాత్యగ్రంథములను తమ్మునికి పరిచయము చేసినది ఆయనయే. తల్లిదండ్రులు లేని యింట బిల్లవానికి పుస్తకములే తోడగుట సహజము.

1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున మునిసిపలు పన్ను లొల్లక ఇండ్లు వాకిళ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. ఆ వార్తలు మద్రాసు రైలుమార్గమువెంట తెనాలికి బ్రాకుచున్న దినములలో మన కథానాయకుడు పండ్రెండేండ్ల బాలుడు. పెద్దలు అరుగులమీద దేశమునుగూర్చి వాదించుకొనుచుండ, బడిపిల్లలు చెవియొగ్గి వినిన కాలమది. తరువాత వారు వ్రాసిన ‘చదువు’ అను నవలలో సుందరమను బాలుని పెంపకమును వర్ణించుచు, ఆ కాలపు మధ్యతరగతి కుటుంబములను, జాతీయోద్యమపు గాలిని, ఇంగ్లీషుచదువుల యాశలను, ఆ యాశలు విఱిగిన విధమును మిక్కిలి నిదానముగ జిత్రించిరి. ఇంచుమించుగ నీ కాలమునే మఱియొక కంటితో జూచిన గ్రంథము విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’. ఈ రెంటిని ప్రక్కప్రక్కన బెట్టుకొని చదివినవారు నేటికిని రెండు పక్షములుగ జీలి వాదించుట మే మెఱుగుదుము.

1925లో పాఠశాలచదువు ముగిసినది. ఆ యేడే వివాహమును జరిగినది. వరునకు పదునాఱేండ్లు, వధువైన పద్మగారికి పదునొకండు. ఆ దినములలో మన యిండ్లలో నిది వింత గాదు. బాల్యవివాహములను నిషేధించు శారదాచట్టము 1929లో గాని పుట్టలేదు. పిమ్మట గుంటూరు క్రైస్తవకళాశాలలో ఇంటరుమీడియటు, విజయనగరము మహారాజావారి కళాశాలలో భౌతికశాస్త్రము ప్రధానముగ పట్టపరీక్షచదువు సాగించి, 1929లో కాశీహిందూవిశ్వవిద్యాలయమున ఎం.ఎస్.సి. తరగతిలో జేరిరి. ప్రపంచమంతట నార్థికమాంద్యము వ్యాపించినందున ఆ చదువు పూర్తికాలేదు. పట్టము లేక తెనాలికి మరలి వచ్చిరి. కాని భౌతికశాస్త్రము వారికొక యలవాటును మిగిల్చినది. ఏ సంగతినైనను అది యట్లుండుటకు గారణమేమని విచారింపక విడువకుండుటయే యా యలవాటు. ఇంటియాచారమైనను, కవియొక్క గొప్పతనమైనను వారి దృష్టిలో పరీక్షకు లోబడవలసినదే.

ఇచ్చట తెనాలినిగూర్చి కొంత చెప్పక తీఱదు. నాలుగుదిక్కులకు బోవు రైళ్లు కలిసికొను కూడలి, కాలువల పట్టణము, బియ్యపుమిల్లులు, నాటకసమాజములు, అచ్చుకూటములు. శివశంకరశాస్త్రిగారి సాహితీసమితి పేరు అచ్చటి గాలిలో నుండెను. త్రిపురనేని రామస్వామిచౌదరిగారు సూతాశ్రమమున నివసించి పురాణములను ప్రశ్నించుచుండిరి. చలముగారి పుస్తకములను తలుపులు మూసికొని చదువువారును, తలుపులు తెఱచి తిట్టువారును గూడ నుండిరి. తరువాతికాలమున తమిళదేశమునుండి వచ్చి హోటలులో బనిచేసిన నటరాజనను యువకుడు తెలుగు నేర్చి, ‘శారద’ యను పేర నవలలు వ్రాసి ప్రసిద్ధికెక్కినదియు నీ యూరనే. హోటలులో వడ్డించువాడును నవల వ్రాయుటకు బూనుకొను పట్టణమున నవలలనుగూర్చిన వాదములకు గొదువ యుండునా?

1931లో వీరి కథ ‘ప్రాణాధికము’ గృహలక్ష్మీపత్రికలో వెలువడినది. అటుపిమ్మట కథలు, నవలలు నెడతెగక వచ్చినవి. ‘ఆడజన్మ’, ‘లేచిపోయిన మనిషి’, ‘కులంలేని పిల్ల’, ‘పంచకల్యాణి’ యను పేరులను జూడుడు. లేచిపోవుట యను మాటను లోకము స్త్రీలకే యంటగట్టును. దానిని మనిషి యను మాటతో జేర్చుటతోనే చదువరి మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనును. కులంలేని పిల్ల యనునది మన సంఘసభ్యులు కొందఱకు నేటికిని మింగుడుపడని పేరు. పుస్తకము తెఱవకముందే అట్టపైననే వాదము మొదలగునట్లు పేరు పెట్టుట వారికి జేతనైన విద్య.

1935లో మిత్రులు కొందఱితో గలిసి తెనాలిలో యువ ముద్రణాలయమును స్థాపించిరి. ఐతానగరమువారైన ఆలూరి వేంకటసుబ్బారావుగారు, అనగా లోకమెఱిగిన చక్రపాణిగారు, ‘యువ’ పత్రికను నెలకొల్పుటకు వీరు తోడ్పడిరి. చక్రపాణిగారు క్షయవ్యాధిచే మదనపల్లె ఆరోగ్యాలయమున నుండగా బంగాళీ నేర్చి, శరత్‌బాబు నవలలను తెలుగు చదువరులు తెలుగునవలలే యనుకొనునట్లుగ ననువదించినవారు. ఈ యిరువురి స్నేహము నలుబదియేండ్లు నిలిచినది. అభిప్రాయములలో నిరువురును వేఱు. కాని నిరాడంబరమైన తెలుగు వ్రాయవలెననుటలో నేకీభావము గలవారు. మేము వాడుచున్న యీ గ్రాంథికము కుటుంబరావుగారికి గిట్టదు. సంచిక పద్ధతినిబట్టి వ్రాయుచున్నాము.

ఇక వారి వ్యాసములసంగతి. కథకులు పెక్కురు కథలు వ్రాసి యూరకుందురు. విమర్శకులు పెక్కురు కథ వ్రాయనెఱుగరు. కుటుంబరావుగారు రెండును జేసిరి. పైగా నారెంటికి నడుమ నుండు ‘గల్పిక’ యను చిన్నరచనను విరివిగ వ్రాసి తెలుగున బ్రచారమునకు దెచ్చిరి. గల్పికలో పూర్తికథ యుండనక్కఱలేదు. ఒక యూహ, ఇరువురు మాటలాడుకొనుట, ఒక చిన్న సంఘటనము చాలును. అది ముగియునప్పటికి చదువరికి తానును నేదో బదులు చెప్పవలె ననిపించును. నేడు పత్రికలలో గానవచ్చు చిన్నరచనలు పెక్కింటికి నిది పూర్వరూప మని చెప్పవచ్చును.

వారి వ్యాసము నడచు విధమును మేము గమనించినంతవఱకు జెప్పెదము. లోకులందఱును ఒప్పుకొను మాటను ముందుగా దీసికొందురు. కథ చదువువారికి ఆనందము గలిగించిన జాలునను మాట యనుకొందము. ఎవరికి ఆనందము, ఏమి చూచి యానందము, ఆ యానందమువలన చదువరి తనచుట్టునున్న లోకమును మునుపటికంటె బాగుగ నెఱిగెనా యని యొక్కొక ప్రశ్నగ విప్పుకొనుచు బోవుదురు. అలంకారములుండవు. సంస్కృతసమాసములుండవు. వ్యక్తిని నిందించుటకంటె మాటను బట్టుకొని వదలకపోవుటయే యెక్కువ. ఆ కాలపు పత్రికాలోకమున నిట్టి వ్యాసము వెలువడినచో, తరువాతి సంచికలలో సమాధానములును, వానికి ప్రత్యుత్తరములును వచ్చుట పరిపాటి. వ్రాసినవారును చదివినవారును తపాలాకార్డుల ఖర్చునకు వెనుదీయలేదు. వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనమున పాతపత్రికల సంపుటములు భద్రముగ నున్నవి. చీరాలకు వచ్చు ప్రతినిధులు ఒకపూట వీలు చేసికొని యచ్చటికి బోయినచో, ఆ పత్రికాలోకమెట్టిదో కన్నులార చూడవచ్చును.

వారియందు లోపములు లేవని మేమనము. సాహిత్యమునకు ప్రయోజనముండవలెనను పట్టుదల యొక్కొకచో మితిమీఱి, కథలోని మనుష్యులు వాదమునకు సాక్షులుగ నిలువబెట్టబడినట్లు తోచును. సంగీతమును, కవిత్వమును సయితము తర్కపు త్రాసులో దూచుట కొందఱు రసికులకు నచ్చలేదు. నచ్చనివారు నచ్చలేదని వ్రాసిరి. అది యట్లే యుండవలసినది. చలముగారియెడల వీరు నడచిన తీరును గూడ నిచ్చట చెప్పవలెను. స్త్రీస్వాతంత్ర్యవిషయమున చలముగారి ప్రభావము తమ తరముపై నెంత గలదో వీరు దాచలేదు. ఆయన 1950లో అరుణాచలమునకు బోయి రమణాశ్రమముచెంత నిలిచిన తరువాత, ఆ యాధ్యాత్మికమార్గమును వీరంగీకరింపలేదు. ఋణమును ఒప్పుకొనుట వేఱు, ఒప్పుకోలు వేఱు.

1939లో పద్మగారు మరణించిరి. అటుపిమ్మట నాఱేడేండ్లు ఉద్యోగములకై దేశము తిరిగిరి. బొంబాయిలో గుమాస్తాపని, సిమ్లాలో గొన్నినెలలు, ఒరిస్సాలోని జయపురమున ఫోర్‌మనుపని. భౌతికశాస్త్రము చదివి కథలు వ్రాయు మనుష్యునకు లోక మిచ్చిన జీవనోపాధి యది. 1945లో కొమ్మూరివారి యాడపడుచు వరూధినిగారిని వివాహమాడిరి. వారి సంతానములో శాంతసుందరిగారు అనువాదకురాలుగను, రోహిణీప్రసాదుగారు శాస్త్రవిజ్ఞానరచయితగను బేరుగాంచిరి.

వారు దూరదేశములలో నుండిన యా కాలముననే, 1943 ఫిబ్రవరిలో, తెనాలిలో అభ్యుదయరచయితల సంఘపు ప్రథమమహాసభ తాపీ ధర్మారావుగారి యధ్యక్షతన జరిగినది. సాహిత్యమెవరికొఱకు అను ప్రశ్న అప్పటికి పట్టణపు అరుగులను దాటి ఆంధ్రదేశమంతట బ్రాకినది. 1950–51లో ఆంధ్రవారపత్రిక బాధ్యతను వహించి దాని రూపమును మార్చిరి. 1952 జనవరిలో చందమామలో జేరిరి. ఆ పత్రికను చక్రపాణి, నాగిరెడ్డిగారలు 1947 జూలైలో ప్రారంభించియుండిరి. ఇరువదియెనిమిదేండ్లకు పైగా ఆ పత్రికకథలను దిద్ది తీర్చినది వీరి కలమే. సంపాదకుడుగ నచ్చయ్యెడిది మాత్రము చక్రపాణిగారి పేరు. రాజులు, మంత్రులు, భేతాళుడు, రాక్షసులు గల యా కథలను నాస్తికుడైన యీయన యెట్లు నడపెనని కొందఱు పరిహసించిరి. పిల్లలు రాక్షసుని జూచి భయపడుటకంటె వాని తిక్కను కనిపెట్టి నవ్వుటయే ఆ కథలలో నెక్కువ. భేతాళకథ చివర ప్రశ్న యుండునుగదా. జవాబు తెలిసియు జెప్పనిచో తల వ్రక్కలగును. ఆ నియమము కుటుంబరావుగారికి సరిపోయినదని మేము తలంతుము.

1970వ సంవత్సరము ఫిబ్రవరిలో విశాఖపట్టణమున శ్రీశ్రీగారి షష్టిపూర్తి జరిగిన సందర్భమున, రచయితలు ఏ పక్షమో తేల్చుకొనవలసినదని విద్యార్థులొక కరపత్రము పంచిరి. వందలకొలది వ్యాసములు చేయని పని యా చిన్న కాగితము చేసినది. ఆ జూలైలో హైదరాబాదున విప్లవరచయితల సంఘమేర్పడగా, అఱువదియవ పడిలో బ్రవేశించిన కుటుంబరావుగారు యువకులతో గలిసి యందు జేరి, ఉపాధ్యక్షులుగ నుండిరి. పగలు చందమామకు బాలకథలు, తక్కినవేళల సంఘమును సాహిత్యమునుగూర్చిన వ్యాసములు. ఆ మార్గమును మన సభ్యులలో నెక్కువమంది యొప్పుకొనరు. ఈ వ్యాసకర్తలమును అన్నిటిని నొప్పుకొనము. కాని సుఖముగ గీర్తిననుభవింపదగిన వయస్సున నొక మనుష్యుడు మరల వివాదములోనికి దిగుట సామాన్యము గాదు.

1980వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన మద్రాసులో స్వర్గస్థులైరి. స్వర్గస్థులను మాట వారికి సమ్మతము గాదు గనుక, మరణించిరని దిద్దుకొనుచున్నాము. అంతవఱకు చందమామపని విడువలేదు. తరువాత వారి రచనలను కేతు విశ్వనాథరెడ్డిగారు సంపాదకులుగ విశాలాంధ్రవారు సంపుటములుగ బ్రకటించిరి. వానిలో కథలు నవలలతోపాటు వ్యాసములకును దగిన చోటు గలదు.

మహాసభ రెండవనాటి సాయంకాలము, తీర్మానముల పిమ్మట, వారి కథయొకటి చదివి దానిపై చర్చ జరుపుటకు కార్యవర్గమువారు మా కోరికపై నొక గంట కేటాయించిరి. ఏ కథయో పెద్దలే నిర్ణయింతురు. మేము మాత్రము ‘కులంలేని పిల్ల’ను సూచించి యున్నాము.