కేసీ కాలువ కంపెనీ: కాటన్ దొర లెక్క ఎక్కడ తప్పింది?

ఫ్రెండ్స్‌తో కలిసి కంపెనీ పెట్టాలనుకుంటున్నారా? అయితే మొదటి రోజే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ప్రైవేట్ లిమిటెడా, ఎల్‌ఎల్‌పీనా? చాలామంది ఖర్చు ఏది తక్కువో చూసి టిక్ పెట్టేస్తారు. మీరు ఆ పని చేసే ముందు ఒకసారి మన కేసీ కాలువ గట్టు మీద నిలబడండి. సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే ఈ కాలువను తవ్వించింది ప్రభుత్వం కాదు, లండన్‌లో వాటాలమ్మి డబ్బు పోగేసిన ఒక కంపెనీ. ఆ ఆలోచన వెనకున్న మనిషి మీకు తెలిసినవాడే.. సర్ ఆర్థర్ కాటన్.

1803లో ఇంగ్లండ్‌లో పుట్టిన కాటన్ 18 ఏళ్లకే మద్రాసు వచ్చేశారు, మిలిటరీ ఇంజినీరుగా. కావేరి, కొల్లడం మీద చేయి తిరిగాక 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి, 1852కి గోదావరిని కట్టడి చేశారు. డెల్టా ఇళ్లలో ఆయన ఫొటో ఎందుకుంటుందో మళ్లీ చెప్పక్కర్లేదు. అక్కడ పెట్టుబడి ప్రభుత్వానిది. కానీ సర్కారు ఫైళ్లు కదిలే వేగం ఆయనకు నచ్చేది కాదు. రైళ్ల కోసం ప్రైవేటు కంపెనీలు పుట్టుకొస్తుంటే కాలువలకు ఎందుకు రాకూడదన్నది ఆయన వాదన.

అలా 1850ల చివర్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. తుంగభద్ర నీళ్లు పెన్నా వైపు తేవాలి, పొలాలకు పారించాలి, పడవలూ నడపాలి. టైమింగ్ కూడా కుదిరింది. కంపెనీ మునిగితే వాటాదారు తను పెట్టిన సొమ్ము వరకే నష్టపోతాడు, ఇల్లూవాకిలీ పోవు అనే చట్టం బ్రిటన్‌లో 1855లోనే వచ్చింది. మనం ఇవాళ లిమిటెడ్ అని తగిలించుకునే మాట అదే.

అసలు మెలిక ఇక్కడుంది. 10 లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. 1863లో ఒప్పందం కుదిరింది. నీళ్లు అమ్ముడుపోయినా పోకపోయినా లండన్‌లో వాటాదారుకు 5 శాతం ఖాయం. ఎవరి జేబులోంచి? ఈ దేశం పన్నుల్లోంచి. అంటే నష్టం మాయం కాలేదు, చేతులు మారింది. అంతే.

ఇక మేనేజ్‌మెంట్ చూడండి. డైరెక్టర్ల బోర్డు లండన్‌లో. పని చేయించే ఇంజినీర్లు కర్నూలు ఎండలో. ఖర్చుల మీద అజమాయిషీ ప్రభుత్వానిది. పెట్టుబడి సరిపోక 1866లో ప్రభుత్వమే మరో 6 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. 1870ల మొదటికి కాలువ సిద్ధమైంది. నీళ్లు కొనేవాళ్లే లేరు. రేగడి నేలలో జొన్న, పత్తి వేసుకునే రైతుకు వాన పదునే చాలు. కాలువ నీళ్లు పెడితే డబ్బు దండగ, పైపెచ్చు నేల పాడవుతుందని భయం. వరి నేల అలవాటున్న ఇంజినీరుకు ఈ సంగతి ముందే చెప్పాల్సిన మనిషి బోర్డులో ఎవరూ లేరు. నా దృష్టిలో కంపెనీని ముంచింది ఇదే, రాయీ సున్నమూ కాదు.

ఇప్పటి కంపెనీల చట్టం కనీసం ఒక డైరెక్టరైనా ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉండాలంటుంది. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి, నిర్ణయాలు బోర్డువి. ఎల్‌ఎల్‌పీలో బోర్డే ఉండదు, అగ్రిమెంట్‌లో ఏం రాసుకుంటే అదే. ఏమీ రాసుకోకపోతే భాగస్వాములందరికీ నడిపించే హక్కు, లాభనష్టాల్లో సమాన వాటా. మీలో ఒకరు బెంగళూరులో జాబ్ చేస్తూ డబ్బు మాత్రమే పెడుతుంటే, ప్రొద్దుటూరులో షాపు చూసుకునేవాడికి ఎంతవరకు సంతకం చేసే అధికారం ఉందో ముందే రాసుకోండి. ఇంకోటి, బ్యాంకు లోనుకు మీరు సొంతంగా గ్యారంటీ సంతకం పెడితే ఆ అప్పు వరకు లిమిటెడ్ అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

1876-78 కరువులో కర్నూలు జిల్లా అల్లాడిపోయింది. వానలు లేని ఆ రోజుల్లో కాలువ నీళ్ల కోసం రైతులు ఎగబడ్డారు, వానలు పడగానే మళ్లీ వదిలేశారు. 1878లో కాటన్ 75 ఏళ్ల వయసులో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, రైళ్ల కంటే కాలువలే మేలని వాదించారు. ఈ కంపెనీ నష్టాలను ఎత్తిచూపిన వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది కూడా. నాలుగేళ్లకు, 1882లో, ప్రభుత్వం వాటాదారులకు డబ్బిచ్చి కాలువను తీసేసుకుంది. కాటన్ ఆ తర్వాత మరో 17 ఏళ్లు బతికి, 1899 జులైలో ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. కాలువకు మాత్రం ఆయన పేరు రాలేదు, కర్నూలు-కడప అని రెండు ఊళ్ల పేర్లే మిగిలాయి.