లిఫ్టును గది అనుకున్న కుర్రవాడు

మన బడిలో పెద్ద తరగతి పిల్లలకి ఒకసారి ఇంటిపని ఇచ్చాం. అమ్మనో నాన్ననో అడిగి, వాళ్ళు లండన్‌లో దిగిన మొదటి రోజు గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నాం. పన్నెండు కాగితాలు వచ్చాయి. చదువుతుంటే మాకు నవ్వొచ్చింది, అన్నీ ఇంచుమించు ఒకటే కథ! సూట్‌కేసులో ఆవకాయ, చలికి ఆగని బట్టలు, కాఫీ ధరని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోవడం. మేమూ మొదటి ఆరు నెలలు ఆ లెక్కలు వేసినవాళ్ళమే.

ఆ పన్నెండింటి పక్కన పెట్టడానికి పదమూడో కాగితం ఒకటి ఉంది. అది 1888 నాటిది.

పిల్లలూ, ఆ ఏడాది సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కిన మోహన్‌దాస్ అనే కుర్రవాడు, నెలాఖరులో ఒక శనివారం నాడు లండన్ చేరాడు. పందొమ్మిదేళ్ళు నిండడానికి ఇంకా మూడు నాలుగు రోజులుంది. మీకు ఆయన పెద్దయ్యాక ఉన్న బొమ్మే తెలుసు, కొల్లాయి, చేతికర్ర, గుండ్రటి కళ్ళజోడు. ఇక్కడ మాత్రం ఆయన కుర్రవాడు కాబట్టి ‘వచ్చాడు, వెళ్ళాడు’ అనే రాస్తున్నాం. పెద్దలు మన్నించాలి.

రావడమే కష్టం మీద వచ్చాడు. తండ్రి మూడేళ్ళ క్రితమే పోయారు. ఇంటి దగ్గర భార్య కస్తూర్బా, నెలల పిల్లవాడు హరిలాల్. సముద్రం దాటితే కులం చెడుతుందని బొంబాయిలో కులపెద్దలు సభ పెట్టి వెలివేశారు. అతన్ని సాగనంపడానికి ఓడ దగ్గరికి వెళ్ళినవాళ్ళకి రూపాయి నాలుగణాలు జరిమానా అన్నారు. తల్లి పుత్లీబాయికి వేరే భయం. సీమకి వెళ్ళిన పిల్లలు చెడిపోతారని ఎవరో చెప్పారు. అందుకని ఒక జైన సాధువు ఎదుట మాంసం, మద్యం ముట్టననీ, పరస్త్రీ జోలికి పోననీ కొడుకు చేత ఒట్టు వేయించుకుని గాని పంపలేదు.

ఓడలోనే అవస్థ మొదలైంది. ఇంగ్లీషు మాట్లాడడానికి బెరుకు. ఫోర్కూ చాకూ పట్టడం రాదు. ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి మొహమాటం. దాంతో భోజనాల బల్ల దగ్గరికే వెళ్ళకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ గదిలో కూర్చుని తినేవాడు.

ఓడలో ఉన్నన్నాళ్ళూ నల్ల సూటు వేసుకుని, తెల్లని ఫ్లానెల్ బట్టలు దిగేరోజు కోసం దాచుకున్నాడు. తెలుపైతే హుందాగా ఉంటుందని అనుకున్నాడు పాపం. దిగి చూస్తే రేవంతటికీ తెల్ల బట్టల్లో ఉన్నది తనొక్కడే. మార్చుకుందామంటే పెట్టెలూ తాళంచెవులూ కూడా సామాన్ల ఏజెంటుకి ఇచ్చేశాడు. శనివారం సాయంత్రం కదా, మర్నాడు ఆదివారం ఏ ఆఫీసూ తియ్యరు. సోమవారం దాకా ఆ తెల్ల బట్టలే గతి. అతనికి ఆ సిగ్గు ఎంతగా గుర్తుండిపోయిందంటే, దాదాపు నలభై ఏళ్ళ తరువాత ఆత్మకథ రాసినప్పుడు కూడా మరిచిపోలేదు.

తోటి ప్రయాణికులతో కలిసి ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర నార్తంబర్‌లాండ్ అవెన్యూలో ఉన్న విక్టోరియా హోటల్‌కి వెళ్ళాడు. విద్యుద్దీపాల వెలుగు చూసి కళ్ళు చెదిరాయి. ఒక కుర్రాడు ఏదో నొక్కితే తలుపులు తెరుచుకున్నాయి. లోపల చిన్న గది. కాసేపు ఇక్కడ కూర్చోమంటారు కాబోలు అనుకున్నాడు. తీరా ఆ గదే కదిలి రెండో అంతస్తుకి తీసుకుపోయింది! ఈ ముచ్చట అతను లండన్‌లో రాసుకున్న డైరీలో ఉంది. మా తరగతిలో ఇది చెప్పినప్పుడు ఒక చిన్నమ్మాయి, వాళ్ళ బామ్మ కూడా ఎస్కలేటర్ ముందు అలాగే నిలబడిపోయిందని చెప్పింది.

చేతిలో నాలుగు పరిచయపు ఉత్తరాలు ఉన్నాయి. అందులో ఒకటి దాదాభాయి నౌరోజీ గారికి. అంత పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని చాలాకాలం ఆ ఉత్తరం ఇవ్వనేలేదు. ఇంకొకటి డాక్టర్ ప్రాణజీవన్ మెహతా గారికి. ఆయనకి ముందే తంతి ఇచ్చాడు. రాత్రి ఎనిమిది గంటలకి మెహతాగారు వచ్చారు, ఆ తెల్ల బట్టలు చూసి నవ్వారు. మాటల్లో ఉండగా మోహన్‌దాస్ ఆయన పొడవాటి పట్టు టోపీ చేతిలోకి తీసుకుని, ఎంత నున్నగా ఉందో చూద్దామని నూగుని ఎదురు నిమిరాడు. నూగంతా చెదిరిపోయింది. మెహతాగారు కాస్త కోపంగానే చూసి ఆపారు. ఆ తరువాత నెమ్మదిగా పద్ధతులు చెప్పారు. ఇతరుల వస్తువులు తాకకూడదు, మొదటి పరిచయంలో మన ఊళ్ళోలాగా ఆరాలు తియ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ప్రతివాళ్ళనీ సర్ అనకూడదు. (రెండోది మాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. తెలుగువాళ్ళు కనిపిస్తే ఏ ఊరని అడగకుండా ఉండలేం.)

హోటల్లో తిండి సహించలేదు. ఒకటి నచ్చక ఇంకొకటి తెప్పించుకుంటే రెండింటికీ డబ్బు కట్టాలి. ఇంటి నుంచి తెచ్చుకున్నవాటితోనే పొట్ట నింపుకున్నాడు. సోమవారం ఖాళీ చేసేటప్పుడు బిల్లు మూడు పౌండ్లు! ఇంచుమించు పస్తులుండి కట్టిన మూడు పౌండ్లు.

అద్దెగదికి మారినా మనసు కుదుటపడలేదు. రాత్రిళ్ళు తల్లి గుర్తొచ్చి కన్నీళ్ళు ఆగేవి కావు. ఉండలేడు, మూడేళ్ళు పూర్తికాకుండా తిరిగి వెళ్ళనూలేడు.

మెహతాగారు అతన్ని రిచ్‌మండ్‌లో ఒక మిత్రుడి దగ్గర పెట్టారు. ఆ మిత్రుడు తమ్ముడిలా చూసుకున్నాడు, కానీ మాంసం తినమని రోజూ పోరు. చదువురాని తల్లి, ఇక్కడి సంగతి తెలియక వేయించిన ఒట్టుకి విలువేమిటని వాదించేవాడు. ఇక్కడ పిల్లలకి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మోహన్‌దాస్‌కి మాంసం అంటే అసహ్యమేమీ లేదు. బడిరోజుల్లో ఇంట్లో తెలియకుండా తిన్నాడు, భారతీయులంతా తినాలని కూడా అప్పట్లో నమ్మాడు. కాబట్టి అతనికి అడ్డొచ్చింది రుచి కాదు, అమ్మకిచ్చిన మాట. వాదనకి జవాబు తోచేది కాదు. ఒట్టు ఒట్టేనని ఊరుకునేవాడు. పొద్దున ఓట్ల జావ తప్ప, మధ్యాహ్నం రాత్రి రెండు మూడు రొట్టె ముక్కలు. ఇంకో ముక్క అడగడానికి సిగ్గు.

తరువాత వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో చేరాడు. అక్కడికి దగ్గర్లో బారన్స్ కోర్ట్ రోడ్డు 20వ నంబరు ఇంటి గోడకి నీలం ఫలకం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. శాకాహార భోజనశాల కోసం వెతుకుతూ రోజుకి పది పన్నెండు మైళ్ళు నడిచేవాడు. చివరికి ఫారింగ్డన్ వీధిలో దొరికింది. తలుపు పక్కన అద్దాల వెనక పుస్తకాలు అమ్మకానికి పెట్టారు. శాకాహారం మీద హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం ఒక షిల్లింగుకి కొనుక్కుని లోపలికెళ్ళాడు. లండన్ వచ్చాక కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే. పుస్తకం చదివాక, అప్పటిదాకా మాట కోసం మానినది ఇష్టపడి మానాడు.

మధ్యలో దొరబాబు వేషాలూ వేశాడు. బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్ల సూటు, డాన్సు పాఠాలు, వయొలిన్. మూడు నెలల్లో ఆ పిచ్చి వదిలింది. పైసాపైసాకీ లెక్క రాస్తూ, ఒక్క గదిలోకి మారి, రోజుకి ఒక షిల్లింగు మూడు పెన్నీలతో తిండి గడిపాడు. లండన్ మెట్రిక్యులేషన్‌లో లాటిన్ ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాడు.

1891 జూన్ 10న బారిస్టరయ్యాడు. 12వ తేదీనే ఓడెక్కాడు. మూడు ఒట్లూ నిలబెట్టుకున్న సంగతి తల్లికి చెప్పాలని దారి పొడుగునా ఆత్రం.

బొంబాయి రేవులో అన్నగారు ఎదురొచ్చారు. కొడుకు లండన్‌లో ఉండగానే పుత్లీబాయి కన్నుమూసింది. పరాయి దేశంలో ఒంటరిగా తట్టుకోలేడని అన్నగారు ఆ వార్త ఉత్తరాల్లో రాయకుండా దాచి, ఇప్పుడు చెప్పారు.