గురజాడ అప్పారావు

గురజాడ వెంకట అప్పారావు (సెప్టెంబరు 21, 1862 - నవంబరు 30, 1915) ఆధునిక తెలుగు సాహిత్యానికి బాట వేసిన రచయితలలో ముఖ్యుడు. నాటకంలోను, కథలోను వాడుకభాషకు గౌరవం తెచ్చాడు. సంస్కర్తలు వేశ్యలను సంఘానికి దూరంగా ఉంచాలని వాదిస్తున్న కాలంలో, మధురవాణి అనే వేశ్యను వివేకవతిగా చిత్రించాడు.

బాల్యము, విద్య

అప్పటి విశాఖపట్నం జిల్లాలో, ఎలమంచిలి సమీపాన ఉన్న రాయవరంలో వెంకట రామదాసు, కౌసల్యమ్మ దంపతులకు జన్మించాడు. ప్రాథమిక విద్య చీపురుపల్లిలో, తరువాతి చదువు విజయనగరంలో సాగాయి. 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. ఉత్తీర్ణుడయ్యాడు. 1885లో అప్పల నరసమ్మతో వివాహమైంది.

ఉద్యోగము

విజయనగరంలో ఉపాధ్యాయునిగాను, మహారాజా కళాశాలలో అధ్యాపకునిగాను పనిచేశాడు. మహారాజా ఆనందగజపతి ఆదరణతో సంస్థాన శాసన పరిశోధకుడయ్యాడు. 1897లో మహారాజు మరణించిన తరువాత, ఆయన సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబకు కార్యదర్శిగా వ్యవహరించాడు.

కన్యాశుల్కము

మహారాజు జరిపించిన విచారణలో, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో 1034 కన్యాశుల్క వివాహాలు జరిగినట్లు తేలింది. ఆ వధువులలో అయిదేళ్ళవారు 99 మంది. ముగ్గురు ఏడాది వయసు పసికందులు. ఈ దురాచారంపై రచించిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమైంది. 1909 నాటి రెండవ కూర్పును గురజాడ దాదాపుగా తిరగరాశాడు. మధురవాణి పాత్ర విస్తరించినది అందులోనే.

మధురవాణి, గిరీశం

విజయనగరంలో గిరీశం పోషణలో ఉన్న మధురవాణి, అతని డాంబికాన్ని గ్రహించి రామప్పంతులు పక్షం చేరుతుంది. పసిపిల్లను ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే ప్రయత్నాన్ని భగ్నం చేయడానికి కరటకశాస్త్రికి సహాయపడుతుంది. తరువాత ఆ అవధాన్లు చేయని హత్యానేరంలో చిక్కుకోగా, పురుషవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు వద్దకు వెళ్ళి ఆయనను విడిపించే దారి చూపుతుంది. వేశ్యల నీడను కూడా సహించని సౌజన్యారావు చివరకు ఆమె సద్గుణాన్ని గుర్తించి భగవద్గీతను బహూకరిస్తాడు. గిరీశం నిజస్వరూపాన్ని బయటపెట్టేదీ ఆమెయే.

సానులు, సంస్కర్తలు

పెళ్ళిళ్ళలో, జమీందారుల కొలువులలో సానిమేళాలు మర్యాదగా చెల్లుబాటైన రోజులవి. కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు మొదలైనవారు వాటిని ఖండించారు. వేశ్యావృత్తిని గురజాడ సమర్థించలేదు; ఆ వృత్తిలోని మనిషిని మాత్రం నిందించలేదు. 1910లో వెలువడిన దిద్దుబాటు కథలో, సానుల పాటకు మరిగిన భర్తను భార్య కమలిని యుక్తితో దారికి తెస్తుంది. ఇంగ్లీషులో రాసిన స్టూపింగ్ టు రైజ్ అనే కథలో ప్రొఫెసర్ రంగనాథయ్యర్, సరళ అనే వేశ్యను సంస్కరించబోయి తానే ఆమె ఆకర్షణకు లోనవుతాడు. ఇది తెలుగులో సంస్కర్త హృదయం పేరుతో అనువాదమైంది. ఈ విధంగా అందరి తప్పొప్పులనూ ఒకే త్రాసులో తూచాడు.

చివరి రోజులు

1913లో ఉద్యోగ విరమణ చేశాడు. 1915లో, 53 ఏళ్ళ వయసులో, విజయనగరంలో మరణించాడు. అక్కడ ఆయన నివసించిన ఇంటిని స్మారక భవనంగా పరిరక్షిస్తున్నారు.