కిటికీలోనుండి రాజవీధి

మన తళి చలిని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు దొరలు ఈ ఊరిని చిన్న ఇంగ్లండు అని మురిసిపోయారంటే అది ఆ చలి చలవే! పారిస్ నగరపు చలికాలాన్ని, జనంతో నిండిన వీధిని చిత్రించి పేరుగన్న ఒక పరదేశి చరిత్రను ఈ ఉగాది సంచికలో పాఠకుల ముందుంచుతున్నాను.

కమీల్ పిసారో 1830 జూలై 10వ తేదీన వెస్టిండీస్‌లోని సెయింట్ థామస్ దీవిలో జన్మించాడు. నాడది డెన్మార్కు ఏలుబడిలో ఉండేది. తండ్రి యూదు వర్తకుడు. పన్నెండవ ఏట కుమారుని పారిస్ దగ్గరి బడికి పంపాడు. చదువు ముగిసి తిరిగివచ్చాక పిసారో తండ్రి వ్యాపారంలోనే గుమాస్తా అయ్యాడు. రేవులో సరుకుల లెక్కలు రాస్తూనే తీరిక చిక్కినప్పుడల్లా బొమ్మలు గీసేవాడు. ఆ అవస్థ మనవంటి గుమాస్తాలకు తెలియనిది కాదు. మనకు లేనిది ఆయన తెగువ! 1852లో లెక్కల పుస్తకం మూసి, చిత్రకారుడైన స్నేహితునితో వెనిజులా వెళ్ళిపోయాడు. 1855లో పారిస్ చేరాడు.

అక్కడ పేదరికం చాలాకాలం వెన్నాడింది. 1870లో ప్రష్యాతో యుద్ధం రాగా కుటుంబంతో లండను వెళ్ళి తలదాచుకున్నాడు. తిరిగి వచ్చి చూస్తే ఏముంది? ఇంట్లో మకాం పెట్టిన సైనికులు ఏళ్ళ తరబడి గీసిన చిత్రాలలో చాలాభాగం నాశనం చేశారు. అయినా కుంచె వదలలేదు. 1874 మొదలు 1886 వరకు ఇంప్రెషనిస్టు చిత్రకారులు జరిపిన ఎనిమిది ప్రదర్శనలలోనూ పాల్గొన్నవాడు ఆయన ఒక్కడే.

వృద్ధాప్యంలో కంటిజబ్బు పట్టుకున్నది. ఆరుబయట గాలిలో, దుమ్ములో నిలబడే వీలు లేకపోయింది. 1897 ఫిబ్రవరిలో పారిస్‌లో ఒక హోటలు గది అద్దెకు తీసుకుని మేడ కిటికీ దగ్గర కూర్చున్నాడు. కింద మోంమార్త్ర రాజవీధి. ఏప్రిల్ వరకు ఆ ఒక్క వీధినే పద్నాలుగుసార్లు చిత్రించాడు. చలికాలపు ఉదయం నాటి చిత్రం నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. మోడువారిన చెట్లు, మసకబారిన ఆకాశం, గుర్రపుబండ్ల బారులు, చీమలవలె జనం. ఒక్కరి ముఖమూ ఆనవాలు తెలియదు. అయినా ప్రతి రంగుచుక్కా తన పనిమీద పోతున్న ఒక మనిషే. తక్కిన చిత్రాలలో అదే వీధిలో పండుగనాటి తొక్కిసలాట, రాత్రి దీపాలు, వసంతకాలపు లేత వెలుగు కనిపిస్తాయి.

ఆ తరువాత డ్రైఫస్ వ్యవహారంలో దేశం రెండుగా చీలినప్పుడు, పాతమిత్రులైన దెగా, రెన్వార్‌లు యూదుడైన పిసారోకు ముఖం చాటేశారు. ఆయన మాత్రం కిటికీ మూసుకోలేదు. ఆ నగరపు వీధులనూ వంతెనలనూ చివరిదాకా చిత్రిస్తూనే 1903 నవంబరు 13న కన్నుమూశాడు. అర్ధశతాబ్దం దాదాపుగా ఫ్రాన్సులో గడిపినా, కాగితాల మీద ఆయన డెన్మార్కు పౌరుడే!

పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఊరు మనదెప్పుడవుతుంది? ఆ ఊరి వీధిని, అందులో నడిచే మనుషులను ఆదరంతో చూడనేర్చిననాడు. ఆ చూపునకు ఏ కచేరీ ముద్రా అక్కరలేదు. ఈ ఉగాదికి మన పిల్లల చేతికి కాస్త రంగులిచ్చి, కిటికీ తెరిచి, మన తళి వీధిని గీయమందాం.