గాయకకవి నిక్ డ్రేక్

లోకమున కీర్తి రెండు విధములుగ వచ్చుచుండును. కొందరికి అది బ్రతికియుండగనే వచ్చి వారితోడనే పోవును. మరికొందరికి బ్రతికియున్నన్నాళ్లు ముఖమైనను చూపక, వారు గతించిన పిమ్మట వచ్చి స్థిరముగ నిలుచును. భవభూతి మహాకవి తన కాలమువారి నిరాదరణకు నొచ్చియు, తన్నెరుగగల సహృదయుడు ముందెప్పుడో పుట్టకపోడని మాలతీమాధవ ప్రస్తావనలో ధైర్యము చెప్పుకొనెను. అట్టి ధైర్యము నిలుపుకొనలేక ఇరువదియారేండ్లకే కన్నుమూసిన ఒక ఆంగ్ల గాయకకవి చరిత్రము ఇచట సంగ్రహముగ వ్రాయబడుచున్నది. అతని పేరు నికొలస్ రాడ్నీ డ్రేక్. లోకము అతనిని నిక్ డ్రేక్ అని పిలుచును. జీవించియుండగా అతడు వెలువరించినవి మూడే ఎల్.పి. రికార్డులు. వానిలో నేదియు ఆ దినములలో అయిదువేల ప్రతులకు మించి అమ్ముడుపోలేదు. నేడో, ఆ మూడింటిని శ్రద్ధతో వినువారు ఇంగ్లండు, అమెరికాలలోనే గాక అనేక దేశములలో నున్నారు. ఆనాటి నిరాదరణకు, ఈనాటి ఆదరణకు నడుమ జరిగినదేమియో తెలిసికొనుట గ్రంథములను ప్రేమించువారికి ఉచితమే.

నిక్ డ్రేక్ 1948వ సంవత్సరము జూన్ 19వ తేదీన బర్మాదేశమునందలి రంగూను నగరమున జన్మించెను. తీరాంధ్రమున ఆ నగరమును రంగమని పిలిచెడివారు. విశాఖ, గోదావరి మండలముల నుండి వేలకొలది తెలుగు కూలీలు ఓడలెక్కి రంగమునకు పోయి, రేవులలోను బియ్యపు మిల్లులలోను కష్టించి పనిచేసిరి. కోరంగి రేవు పేరనే అచట తెలుగువారికి కోరంగీలను వాడుక కలిగినది. నిక్ తండ్రి రాడ్నీ డ్రేక్ ఇంజనీరు. టేకు కలప వ్యాపారము చేయు బొంబాయి బర్మా ట్రేడింగు కార్పొరేషనులో ఉద్యోగి. తల్లి పేరు మాలీ. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినపుడు అసంఖ్యాకులైన తెలుగువారు కొండలను, అడవులను దాటి కాలినడకను స్వదేశము చేరిన సంగతి తీరప్రాంతమున అనేక కుటుంబములకు ఇంటి కథయే. ఆ కల్లోలముననే మాలీయు బర్మా విడిచి ఢిల్లీ చేరి, తన సోదరితో గూడి లాయిడ్ సోదరీమణులను పేర ఆలిండియా రేడియోలో పాటలు పాడెను. 1944లో లాహోరున ఆమెకు గాబ్రియేల్ అను కుమార్తె కలిగెను. ఈమె తరువాత నటీమణియై ప్రసిద్ధి కెక్కినది. యుద్ధము ముగిసి కుటుంబము మరల రంగూను చేరిన పిదప నిక్ పుట్టెను. అతని శైశవముననే వారందరు ఇంగ్లండునకు పోయి, వార్విక్‌షైరు మండలమున టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అను గ్రామమున, ఫార్ లేస్ అను పేరుగల ఇంట స్థిరపడిరి.

ఆ యిల్లు సంగీతమునకు నెలవు. మాలీ స్వయముగ పాటలు కట్టి, పియానో వాయించుచు పాడుకొనెడిది. అవి ఇంటివారి కొరకు పాడుకొన్న పాటలే. భర్త రాడ్నీ వానిని టేపు యంత్రముమీద నెక్కించి దాచుచుండెను. తల్లి ప్రోత్సాహమున బాలుడు పియానో అభ్యసించెను. 1962లో అతడు విల్టుషైరులోని మార్ల్‌బరో కళాశాల అను వసతి పాఠశాలలో చేరెను. అచట క్లారినెట్టు, సాక్సఫోను వాయించుట నేర్చెను. వంద గజముల పరుగులో మేటి యనిపించుకొనెను. చదువున మాత్రము శ్రద్ధ క్రమముగ సన్నగిల్లి సంగీతమువైపునకే మరలెను. 1965లో 13 పౌనులిచ్చి గిటారు నొకదానిని కొనెను. అటుపిమ్మట అదియే అతని జీవితమైనది.

గిటారునకు ఆరు తంత్రులు. వాయిద్యకారులు సామాన్యముగ వానిని ఒకే క్రమమున శ్రుతి చేసికొని, ఆ శ్రుతిలోనే పాటలన్నియు వాయింతురు. నిక్ డ్రేక్ అట్లుగాక, అనేకమైన పాటలకు వేరువేరు శ్రుతులను తానే కల్పించుకొని, తంత్రులను సడలించియో బిగించియో ఆయా పాటల భావమునకు తగినట్లు అమర్చుకొనుచుండెను. అందువలన అతడు వ్రేలుంచి నొక్కని తంత్రులును, వీణలోని పక్కతంత్రులవలె, పాట వెంట మ్రోగుచుండును. బొటనవ్రేలు మంద్రస్థాయిని తప్పక నడుపుచుండగా తక్కిన వ్రేళ్లు పైతంత్రులను వేరువేరుగ మీటును. వినువారికి ఇద్దరు కూర్చుండి వాయించుచున్నట్లు తోచును. ఇట్టి హస్తకౌశలము అహోరాత్రముల సాధనచే వచ్చినదే గాని దైవదత్తమని చెప్పి విడువదగినది కాదు. అతని కంఠము మాత్రము మెత్తనిది. ఎన్నడును గొంతెత్తి పాడడు. ప్రక్కనున్నవానితో మాటలాడుచున్నట్లు పాడును.

1967లో కొన్ని మాసములు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ నగరమున నుండి, అచట వీథులలోను పాడుచు సాధన సాగించెను. ఆ సంవత్సరముననే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి ఫిట్జ్‌విలియం కళాశాలలో ఆంగ్లసాహిత్య విద్యార్థిగ చేరెను. బ్లేక్, యేట్సు మున్నగు కవుల కావ్యములు అతనికి ప్రియములు. వారి ప్రభావము అతని పాటలలో కానవచ్చును. నది, చంద్రుడు, చెట్టు, ఋతువులు, వాన, ఇవియే అతని కవితాసామగ్రి. స్వల్పమైన మాటలతో విశేషమైన వెలితిని సూచించుట అతని రీతి. కేంబ్రిడ్జిలోనే సంగీతవిద్యార్థియైన రాబర్ట్ కిర్బీతో మైత్రి కలిగెను. 1968 ప్రాంతమున లండనులోని రౌండ్‌హౌసు సభలో అతడు పాడుచుండగా, ఫెయిర్‌పోర్టు కన్వెన్షను అను జానపద సంగీత బృందమునకు చెందిన ఆష్లీ హచింగ్సు విని ముగ్ధుడై, రికార్డుల నిర్మాతయగు జో బాయిడ్ అను అమెరికనునకు అతనిని గూర్చి చెప్పెను. బాయిడ్ పాటలు విని వెంటనే ఒడంబడిక చేసికొనెను. అప్పటికి నిక్ వయస్సు సుమారు ఇరువది యేండ్లు.

మొదటి రికార్డు తయారగునపుడు జరిగిన సంగతి యొకటి అతని స్వభావమును తెలుపును. పాటలకు వయొలిను మొదలగు వాద్యములను కూర్చుటకు బాయిడ్ అనుభవజ్ఞుడైన వాని నొకని నియమించెను. ఆ కూర్పు నిక్‌కు నచ్చలేదు. అతడు మితభాషియైనను, తన పాటల విషయమున మెత్తనివాడు కాడు. ఆ పనికి తన మిత్రుడు కిర్బీయే తగునని పట్టుపట్టెను. రికార్డుల పని ఎన్నడు నెరుగని ఆ విద్యార్థి చేసిన కూర్పు అందరిని ఆశ్చర్యపరచెను. రివర్ మాన్ అను పాట యొక్కదానికి మాత్రము కిర్బీ తనకు చేతగాదని తప్పుకొనగా, హారీ రాబిన్సన్ అను పెద్ద దానిని కూర్చెను. ఆ పాట అయిదు మాత్రల నడకది. ఆంగ్ల సంగీతమున అది అరుదైనను, ఖండచాపు ఎరిగిన తెలుగువారి చెవికి క్రొత్తగ తోచదు. ఫైవ్ లీవ్స్ లెఫ్ట్ అను ఈ రికార్డు 1969 జూలైలో వెలువడెను. సిగరెట్టు చుట్టుకొను కాగితముల కట్టలో ఇక అయిదు ఆకులే మిగిలినవని తెలుపు హెచ్చరిక నుండి ఆ పేరు గ్రహింపబడినది. అతడు మరి యయిదేండ్లకే మరణించుటచే పలువురు ఈ పేరున జోస్యమును వెదకిరి గాని, అది కాకతాళీయమే. అందలి ఫ్రూట్ ట్రీ అను పాటలో, కీర్తి మరణానంతరముననే ఫలించునను భావమును అంత చిన్నవయస్సున అతడు నిబంధించుట మాత్రము విచారింపదగినది.

రికార్డు అమ్ముడుపోలేదు. అయినను నిక్, పట్టపరీక్షకు తొమ్మిది మాసముల వ్యవధి యుండగనే కేంబ్రిడ్జిని విడిచెను. పట్టమైన చేతనున్నచో అక్కరకు వచ్చునని తండ్రి ఉత్తరములు వ్రాసి బ్రతిమాలినను వినలేదు. 1969 సెప్టెంబరు 24వ తేదీన లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో పాడెను. కాని సభారంగము అతనికి పొసగలేదు. పాటకును పాటకును నడుమ తంత్రులను మరల శ్రుతి చేసికొనవలసి వచ్చెడిది. ఆ యెడమున నాలుగు మాటలాడి సభను రంజింపజేయు నేర్పు అతనికి లేదు. శ్రోతలు తమలో తాము ముచ్చటలకు దిగుదురు. అతని మెత్తని కంఠము ఆ రొదలో మునిగిపోవును. 1970 గడచునప్పటికి సభలలో పాడుట దాదాపు మానివేసెను. పత్రికలవారితో మాటలాడుటకును ఇష్టపడడు. ఆ కాలమున రికార్డులు అమ్ముడుపోవుటకు మార్గములు సభలు, పత్రికలు, రేడియో. మొదటి రెండింటికి తలుపు తానే మూసికొనినట్లయ్యెను. 1971లో వెలువడిన బ్రైటర్ లేటర్ అను రెండవ రికార్డులో పేరుపొందిన వాద్యకారులు పలువురు పాల్గొనినను ఫలము మొదటిదే.

ఆ సమయముననే బాయిడ్ తన సంస్థను ఐలండు రికార్డుల కంపెనీకి అమ్మి అమెరికాకు వెడలెను. ఆ విక్రయమున అతడొక షరతు పెట్టెను. నిక్ డ్రేక్ రికార్డులను కంపెనీ తన జాబితా నుండి ఎన్నడును తొలగింపరాదు. ఆనాడు అల్పమని తోచిన ఈ షరతు ప్రాముఖ్యము పిదప తెలియగలదు. పెద్దదిక్కు దూరమగుటతో నిక్ మరింత ఒంటరివాడయ్యెను. అప్పటికే మనోవ్యాధి అతనిని ఆవరించియుండెను. వైద్యులు మందులిచ్చిరి. 1971 అక్టోబరులో రెండు రాత్రులు జాన్ వుడ్ అను ఇంజనీరు నొక్కని తోడు చేసికొని, సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో మూడవ రికార్డు పాడి ముగించెను. అందు గిటారు, కంఠము తప్ప వేరు లేదు. ఒక పాటలో మాత్రము స్వల్పముగ పియానో కలదు. పదునొకండు పాటలు, సుమారు 28 నిమిషములు. పింక్ మూన్ అను ఈ రికార్డు 1972 ఫిబ్రవరిలో వచ్చెను. నేడు పెక్కుమంది అతని రచనలలో ఉత్తమమని చెప్పునది ఇదియే. నాడు అందరికంటె తక్కువగ విన్నదియు ఇదియే.

అటుపై అతడు ఫార్ లేస్‌కు, తల్లిదండ్రుల యొద్దకు మరలి వచ్చెను. 1972లో కొన్ని వారములు ఆసుపత్రిలో నుండెను. ఇంట దినముల తరబడి మాటలాడకుండుట, చెప్పకయే కారెక్కి పోవుట, మరల నిశ్శబ్దముగ తిరిగివచ్చుట జరుగుచుండెను. తండ్రి రాడ్నీ కుమారుని స్థితిని దినచర్య పుస్తకమున ఓపికతో వ్రాసి యుంచెను. ఏ దినమున తినెను, ఏ దినమున పలికెను, ఏ దినమున గిటారు ముట్టెను అని లెక్క పెట్టుకొను తండ్రి వేదన ఎట్టిదో పిల్లలు గలవారు ఊహింపగలరు. 1974లో నిక్ కొన్ని క్రొత్త పాటలు పాడి రికార్డు చేసెను. ఇంటివారికి ఆశ చిగిర్చెను. ఆ యాశ నిలువలేదు. నవంబరు 25వ తేదీ తెల్లవారుజామున, వైద్యులిచ్చిన మందు మోతాదు మించుటచే అతడు తన గదిలోనే మరణించెను. విచారణాధికారి దానిని ఆత్మహత్యగ నిర్ణయించెను. ఆత్మీయులలో కొందరు అది పొరపాటున జరిగినదని తలచిరి. గ్రామమునందలి చర్చి ఆవరణలో ఒక ఓకు చెట్టు క్రింద అతని అస్థికలు నిక్షిప్తములైనవి.

1974లో జమాఖర్చు తేల్చినచో ఈ జీవితము నష్టపు పద్దుగనే కానవచ్చును. కాని లెక్క అంతటితో ముగియలేదు. షరతు ననుసరించి రికార్డులు జాబితాలో నిలిచియే యుండెను. ఏటికి కొద్దిమంది వానిని కొని, విని, మరియొకరికి వినిపించుచుండిరి. అట్లు విన్న యువకులు కొందరు దూరదేశముల నుండి ఫార్ లేస్‌కు వచ్చి తలుపు తట్టెడివారు. ఆ వృద్ధదంపతులు వారిని కూర్చుండబెట్టి, కుమారుని గూర్చి చెప్పి, అతడు ఇంట పాడుకొన్న టేపులను వినిపించి పంపెడివారు. 1979లో మూడు రికార్డులును ఫ్రూట్ ట్రీ అను పేర ఒక్క పెట్టెలో వెలువడెను. 1980 దశకమున పలువురు యువగాయకులు అతనిని తమ గురువుగ పేర్కొనసాగిరి. రాడ్నీ 1988లోను, మాలీ 1993లోను గతించిరి. 1999లో అమెరికా టెలివిజనులో ఒక కారు ప్రకటనకు పింక్ మూన్ పాటను వాడుకొనగా, స్వల్పకాలముననే ఆ రికార్డు అంతకుముందెన్నడు లేనంతగ అమ్ముడుపోయెను. 2013లో తల్లి మాలీ పాటలును లోకమునకు లభించెను. వానిని విన్నవారు కుమారుని పాటల మూలమెచటనో గ్రహించిరి. 2014లో సోదరి గాబ్రియేల్, తండ్రి దినచర్యలను, ఉత్తరములను చేర్చి ఒక గ్రంథమును వెలువరించెను. ఇంతటి ప్రసిద్ధి కలిగినను, వయోజనుడైన నిక్ డ్రేక్ పాడుచున్న చలనచిత్ర మొక్కటియైనను లభింపలేదు. మిగిలినవి పాటలు, ఛాయాచిత్రములు మాత్రమే.

ఈ చరిత్రమును చదివి, దుఃఖమే కవిత్వమునకు మూలమని, వ్యాధియే ప్రతిభయని భావించుట పొరపాటు. అతడు పాటలు కట్టినది సాధనచేతను, చదువుచేతను. వ్యాధి అతని చేతినుండి గిటారును లాగికొనినదే గాని ఇచ్చినది కాదు. మరణానంతర కీర్తి ఆ తల్లిదండ్రులకు కుమారుని తిరిగి యీయలేదు. కనుక సమకాలికుల యందలి మంచిని సకాలమున గుర్తించి మెచ్చుట మొదటి ధర్మము. అది తప్పినచో భద్రపరచుట రెండవ ధర్మము. పాటను రికార్డు చేసిన ఇంజనీరు, దానిని జాబితానుండి తీయవలదని షరతు వ్రాయించిన నిర్మాత, టేపులు దాచిన తండ్రి, వచ్చినవారికి తలుపు తెరచిన తల్లి, కాగితములు కూర్చిన సోదరి, వీరిలో నెవ్వరు తమ పని చేయకున్నను నేడు ఆ పేరు మనకు వినబడదు.

గ్రంథాలయముల పనియు ఇట్టిదే. అల్మారాలో ఏండ్ల తరబడి ఎవ్వరును తీసికొనిపోని పుస్తకములు కొన్ని యుండును. తీసికొనినవారి పుస్తకమున వాని కెదురుగ ఒక్క సంతకమైనను కానరాదు. అంతమాత్రమున వానిని వ్యర్థములని తీసివేయరాదు. దుమ్ము దులిపి, చెదలు పట్టకుండ చూచి, మరల స్వస్థానమున నుంచవలెను. దాని చదువరి ఇంకను బడిలో అక్షరములు దిద్దుచుండవచ్చును.